ముక్తాయింపు పడని చాటింపు

రంగదాసుగారి చేతులు వణకవు. ఎనభయ్యో ఏడు దాటిన మనిషి, మోదుగాకులు ఒళ్లో పోసుకుని అరుగు మీద విస్తళ్లు కుట్టడానికి కూర్చుంటే ఈనెపుల్ల ఆకులోకి దిగడం, పైకి రావడం ఒక్కసారి కూడా తప్పేది కాదు. అది ఆయన సాధనకు ఫలమని ఆశ్రమానికి వచ్చేవాళ్లంతా నమ్మారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ చేతులు చూపించి మరీ చెప్పేవాళ్లు. ఆ మాట చెవిన పడితే మాత్రం ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయేవారు. వినయం అనుకున్నారు. పెద్దవాళ్లను అడిగి తెలుసుకోవడం కన్నా వాళ్లు చేసినదానికి మనమే ఒక మంచి పేరు పెట్టేసి ఊరుకోవడం సుళువు.

ఆయనకు ఇంకో అలవాటుండేది. ఎవరేం అడిగినా చేతిలోని విస్తరి పూర్తయ్యేదాకా జవాబు చెప్పరు. అడిగినవాళ్లు ఆకులు అందిస్తూ కూర్చోవాలి. ఆలోగా సగం మంది తమ ప్రశ్న తామే మరిచిపోయేవాళ్లు.

ఒక మధ్యాహ్నం కోటిలింగం వచ్చాడు. పదేళ్లుగా ఆయన దగ్గరికి వస్తున్న శిష్యుడు, పక్క మండలంలో చిన్నబడి పంతులు. వాళ్ల ఊరి గుట్ట మీద క్వారీలో పేల్చే మందుకు బడి గోడలు నెర్రెలిచ్చాయి. రెండో తరగతి గదిలో పైకప్పు పెచ్చు ఊడిపడి ఒక పిల్లదాని భుజం విరిగింది. మర్నాడు పది గంటలకు విచారణకు అధికారి వస్తున్నాడు. సాక్ష్యం చెబుతామని పంతొమ్మిది మంది సంతకాలు పెట్టారు. వారం తిరిగేసరికి వాళ్లలో పద్దెనిమిది మందికి ఏవేవో పనులు తగిలాయి. ఒకాయనకైతే ఉన్నట్టుండి కాశీయాత్రే కుదిరింది. మిగిలినవాడు కోటిలింగం. ముందురోజు సాయంత్రం ఇద్దరు మనుషులు మోటారుసైకిలు మీద అతని ఇంటికొచ్చి, మంచినీళ్లు అడిగి తాగి, పాప ఏ బడికి వెళ్తుంది మాస్టారూ అని నవ్వుతూ కనుక్కుని వెళ్లారు. 

ఇదంతా చెప్పేలోపల ఆశ్రమంలో ఎవరో గ్లాసుతో మజ్జిగ ఇచ్చారు. సగం నోట్లోకి పోయింది, సగం చొక్కా మీద పడింది. కోటిలింగం గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ తొడల కింద దాచుకున్నాడు.

"రేపు లేచి నిలబడాలనే ఉంది గురువుగారూ. కానీ ఈ వణుకు చూడండి. తిరగబడేవాడికి ముందు భయం పోవాలి కదా, అదెలా పోతుందో చెప్పండి. నాకు మీ చేతులు కావాలి."

రంగదాసుగారి పుల్ల ఆకులో సగానికి దిగి ఆగిపోయింది. విస్తరి సగంలో ఉండగానే పక్కన పెట్టడం ఆయన విషయంలో ఎవరూ చూసి ఎరగరు. ఆ రోజు పెట్టారు. పెట్టి, ఒక చాటింపువాడి సంగతి చెప్పారు.

మొఖాసాలు నడుస్తున్న రోజులవి. ఎర్రవాగు ఒడ్డున రెంటిపాడు అనే ఊరు. ఊరి శిస్తు తినేదీ, ఊరి న్యాయం చెప్పేదీ మొఖాసాదారు జగ్గరాయుడే. దొర అనేవాళ్లు. ఆ ఊళ్లో చాటింపుకు ఒక కట్టడి ఉంది. దొరగారి తాత కాలంలో, ఎక్కడో పొలిమేర బీళ్లలో మంద మేపుకుంటున్న గొర్రెలకాపరిని, వాడి చెవిన పడని ఆజ్ఞ మీరాడని కొరడాతో కొట్టించారట. వాడు మంచం పట్టి చచ్చిపోయాడు. ఆ తాతకు కొన్నాళ్లు కంటి మీద కునుకు లేకపోయింది. అప్పుడు పెట్టాడు కట్టడి. చాటింపు నాలుగుచోట్ల వెయ్యాలి. నాలుగోది ఊరి చివర గూడెం మొదట్లో, నాపరాతి బండ మీద. అక్కడ మాటంతా చెప్పి చాటింపువాడు డప్పు మీద మూడు దెబ్బలు కొట్టాలి. దాన్ని ముక్తాయింపు అనేవాళ్లు. మూడో దెబ్బ పడ్డాకే ఆజ్ఞ అమల్లోకి వచ్చినట్టు. అప్పటిదాకా అది ఉత్త మాట, మీరినా తప్పు లేదు. కొట్టవలసింది ఊరి చాటింపువాడే. ఇంకొకరు కొడితే అది చప్పుడే కానీ చాటింపు కాదు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే రకం మనిషి జగ్గరాయుడు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఈ కథ చెప్పి మీసం దువ్వుకునేవాడు.

చాటింపువాడి పేరు యల్లమంద. గూడెం మనిషి, మాదిగ. అక్షరం రాదు కానీ, రెండుసార్లు చదివి వినిపిస్తే ఎంత పొడుగు హుకుమైనా పొల్లు పోకుండా అప్పజెప్పేవాడు. తప్పిపోయిన గేదె దగ్గర్నుంచి కలరా సూదులదాకా, శిస్తు గడువు దగ్గర్నుంచి జప్తు వేలందాకా, ముప్పై ఏళ్లుగా ఆ నోట ఊరందరి మాటలూ తిరిగాయి, అతని మాట తప్ప. ఒకసారి సొంత అన్న గుడిసె జప్తు కూడా అతనే చాటాడు. గొంతు పట్టు తప్పలేదు, మూడు దెబ్బలూ మూడు రాళ్లలా పడ్డాయి. పని అంటే అదీ అని గుమాస్తా సీతాపతి మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు యల్లమంద పొంగిపోయాడు కూడా. వదిన ఆ తర్వాత చచ్చిపోయేదాకా అతనితో మాట్లాడలేదు.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఒకనాటి పొద్దున్నే దొర కచేరీ నుంచి కబురొచ్చింది. వాగు ఎండి ఇసక మిగిలింది. ఊళ్లో రెండు బావులున్నాయి గానీ వాటి మీద గూడెం వాళ్ల చెయ్యి పడకూడదు. గూడేనికి నీళ్లంటే వాగులో తవ్వుకున్న చెలమలే. మోకాటిలోతు ఇసక తీస్తే ఊరే నీళ్లను కొబ్బరి చిప్పతో తోడి, బిందె నిండేదాకా కూర్చోవాలి. ఇప్పుడు దొర బత్తాయి తోటకు ఆ ఊట కావాలట. ఆయిలు ఇంజను బండి మీద వచ్చి కచేరీ ముందు నిలబడి ఉంది. ఈ రోజు మొదలు వాగులో ఎవరూ చెలమ తవ్వరాదు, తోడరాదు, తోడినవాళ్లను స్తంభానికి కట్టి కొట్టడం జరుగుతుంది అని హుకుం. సీతాపతి రెండుసార్లు చదివాడు. యల్లమంద అప్పజెప్పాడు. అప్పజెప్పాక, ఎందుకు అడిగాడో అతనికే తెలియదు, మరి మా గూడెం ఏం తాగాలయ్యా అన్నాడు.

సీతాపతి కోప్పడలేదు. నవ్వాడు. "నిన్ను కొట్టమంటే డప్పు ఎప్పుడన్నా ప్రశ్న అడిగిందట్రా?"

యల్లమంద కూడా నవ్వాడు. తప్పయిపోయిందయ్యా అన్నాడు. అని బయటికొచ్చి డప్పు కాచుకోవడానికి తాటాకు అంటించాడు. ఆ ఎండకు చర్మం ముందే బిగిసి ఉంది, మంట అక్కర్లేదు. ఆ సంగతి తెలిసి కూడా ఎంతోసేపు కాచాడు. ఇంట్లో కూతురు ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చి ఉంది. ఆ పిల్లకు పొద్దున్న దాహమేసినా సాయంత్రం దాహమేసినా వాగు దాకా నడవాల్సిందే అతని పెళ్లాం నాంచారమ్మ.

వెనక కర్ర పట్టుకుని బంట్రోతు బయల్దేరాడు. ఇరవై రెండేళ్లవాడు, దొర కొలువులో చేరి ఏడాది. కర్ర పట్టినా తాడు పట్టినా ఎన్నడూ తడబడని చెయ్యి. వాడు ముడివేస్తే ఎద్దు కూడా విప్పుకోలేదని సీతాపతికి వాడంటే గురి.

కచేరీ గుమ్మం దగ్గర మొదటి చాటింపు అయింది. అక్కణ్ణుంచి కోమట్ల అంగళ్లదాకా నాలుగొందల అడుగులు. ఆ నాలుగొందల అడుగుల్లో యల్లమంద బుర్రలో పది ఉపాయాలు పుట్టి చచ్చాయి. జ్వరమని పడిపోతే? రేపు లేపి చాటిస్తారు. డప్పు పగలగొట్టుకుంటే? పొరుగూరి నుంచి ఇంకోటి తెచ్చిస్తారు. గొంతు పోయిందంటే? ఇప్పుడే కచేరీ ముందు అంతెత్తున అరిచి వచ్చాడాయె. అరచేతులు చెమటపట్టి డప్పు పుల్లలు జారుతున్నాయి. పంచెకు తుడుచుకున్నాడు, మళ్లీ పట్టాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అంగళ్ల దగ్గర మాటంతా చెప్పి, చివర ఒక్క క్షణం ఊరికే ఆగాడు. ఎప్పుడూ అలా ఆగడు. ఎవరైనా ఒకరు, ఇదేం అన్యాయమని ఒక్క ముక్క అంటారేమో అని. ఉప్పు తూస్తున్న శెట్టి తక్కెడ వంక చూశాడు. ఎదురంగడి ముసలాయన శెట్టి వంక చూశాడు. కుమ్మరి వీధిలో ఇంకాస్త ఎక్కువసేపు ఆగాడు. మట్టి తడపడానికి వాళ్లదీ వాగు నీరే. ఒక కుమ్మరి అవ్వ నోరు తెరిచింది, పక్కనున్న కొడుకు ఆమె చెయ్యి నొక్కాడు, మూసేసింది. అప్పుడు చూశాడు యల్లమంద. వాళ్లంతా అతని ముఖంకేసే చూస్తున్నారు. ఎవరో ఒకరు అంటారని అతను వాళ్లలో వెతుకుతుంటే, ఆ ఎవరో ఒకరి కోసం వాళ్లు అతనిలో వెతుకుతున్నారు. ఏం ఆగావు, నడువు అన్నాడు బంట్రోతు.

గూడెం మొదట్లో బండ ఎక్కేసరికి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఎదురయ్యారు. అది వాళ్లు వాగుకు బయల్దేరే వేళ. నాంచారమ్మ ముందుంది, కూతురు ఒక చెయ్యి నడుముకు ఆన్చి వెనక నిలబడింది. యల్లమంద వాళ్లను చూడకుండా ఆకాశానికేసి చూస్తూ హుకుం మొత్తం చెప్పాడు. ఒక్క మాట మింగలేదు, ఒక్క మాట కలపలేదు. స్తంభానికి కట్టి కొట్టడం జరుగుతుందన్న ముక్క దగ్గర ఎవరో చంటిబిడ్డ ఏడ్చింది. మాట అయిపోయింది. ముక్తాయింపుకు పుల్ల ఎత్తాడు.

ఎత్తిన చెయ్యి వణకసాగింది. ఎంతగా అంటే, కొట్టకుండానే పుల్ల కొస డప్పుకు తగిలి టకటకమని పలికింది. గూడెమంతా ఊపిరి బిగబట్టింది, అదేనేమో మొదటి దెబ్బ అని. యల్లమంద పుల్లను గబుక్కున పక్కకు లాక్కున్నాడు. అన్న గుడిసె కళ్లముందు కనబడిందో, కూతురి కడుపే కనబడిందో. కొట్టరా అన్నాడు బంట్రోతు. మళ్లీ అన్నాడు. మూడోసారి కర్ర బండకేసి కొట్టి అన్నాడు.

"మాట దొరగారిది, సెప్పేశా. దెబ్బ నాది. అది పడదు."

ఆ గొంతు ఎవరికీ సరిగ్గా వినబడనే లేదు. ముప్పై ఏళ్లు ఊరి కొసకు వినబడిన గొంతు సొంతమాట చెప్పేసరికి పిల్లి కూతంత అయింది. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు విని వెనక్కి చెబితే, వాళ్లు ఇంకా వెనక్కి చెప్పారు. ఈలోగా యల్లమంద బండ మీద చతికిలపడి డప్పును బోర్లా ఒళ్లో పెట్టుకున్నాడు. అతని పంచె తడిసిపోయింది. బండ మీద తడి కనబడుతూనే ఉంది. బంట్రోతు అది చూసి నవ్వాడు. గూడెంలో ఒక్కరూ నవ్వలేదు.

నాంచారమ్మ కాసేపు మొగుణ్ణి చూసి, బిందె చంకకు సర్దుకుంది. "పద పిల్లా, దెబ్బ పడలేదుగా" అంది కూతురితో. బంట్రోతు పక్కనుంచే నడిచి వాగులో దిగింది. ఆమె వెనక ఒకామె, ఆ వెనక నలుగురు. వాళ్లు వీరవనితలేం కాదు. అడుగు తీసి అడుగు వేస్తూ, ఎవరైనా ఆపుతారేమోనని వెనక్కి తిరిగి చూసుకుంటూ, గుండెలు అరచేతిలో పెట్టుకుని వెళ్లారు. కానీ వెళ్లారు.

యల్లమందను కచేరీకి లాక్కొచ్చి స్తంభానికి కట్టారు. బంట్రోతునే మూడు దెబ్బలు కొట్టమని పంపుదాం, డప్పు ఎవరు కొట్టినా డప్పే కదా అని సీతాపతి సలహా చెప్పాడు. జగ్గరాయుడు ఒప్పుకునేవాడే. ఆయన ఖర్మ కొద్దీ అంతకు ముందురోజే వియ్యంకుడు చూడవచ్చి లోపల తాంబూలం వేసుకుంటున్నాడు. తాతగారి కట్టడి కథ రాత్రి భోజనాల దగ్గర ఒకసారి, పొద్దున ఫలహారాల దగ్గర ఒకసారి వినిపించి ఉన్నాడు. ఇక ఏ ముఖంతో కాదంటాడు. వాడిచేతే కొట్టించండి, ఎంతసేపు ఓర్చుకుంటాడో చూద్దాం అని లోపలికి పోయాడు.

నడినెత్తి ఎండ. గంటకోసారి బంట్రోతు దగ్గరికొచ్చి కొడతావా అని అడగాలి, అది ఆజ్ఞ. మొదటిసారి అడిగినప్పుడు యల్లమంద కొట్టనన్నాడు. తర్వాత గొంతు పోయింది, తల అడ్డంగా ఊపాడు. ఒళ్లంతా వణుకుతూనే ఉంది. ఎంత బిగించి కట్టినా తాడు ఆ వణుకుకు కదులుతోందని బంట్రోతు ఇంకో చుట్టు వేశాడు. కొట్టేస్తానని చెప్పాలని యల్లమందకు ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో లెక్కే లేదట. కొట్టేస్తానన్న మాట నాలుక మీదికి వచ్చిన ప్రతిసారీ, ఇంకొక్క గంట చూద్దాం అనుకున్నాడట. ఈ జన్మంతా కొట్టకుండా ఉండగలననుకోలేదు. ఇంకొక్క గంట అనుకున్నాడు, అంతే.

కచేరీ అరుగు మీదినుంచి వాగు కనబడుతుంది. మధ్యాహ్నానికి గూడెం ఆడవాళ్లు ఆరు చెలమలు తవ్వారు. మూడు గంటల వేళకు కుమ్మరి అవ్వ, కొడుకు వద్దంటున్నా వినకుండా, కుండ పట్టుకుని దిగింది. ఆమె వెనక కొడుకు కూడా దిగాడు. పొద్దు వాలేసరికి అంగళ్ల వీధి నుంచి కూడా ఇద్దరు వచ్చారు. బావులుండగా వాళ్లకు చెలమ నీళ్లెందుకో వాళ్లే చెప్పాలి. దొర ఒకసారి అరుగు మీదికొచ్చి వాగుకేసి చూసి లోపలికి వెళ్లాడు. ఇంజను వచ్చిన బండి మీదే వెనక్కి పోయింది. ఆ వేసవికి గూడెం తాగింది. మరుసటి ఏటి సంగతి వేరు. దొరలు ఒక్క దెబ్బకు, అందులోనూ పడని దెబ్బకు, మారిపోతారని రెంటిపాడులో ఎవరూ అనుకోలేదు.

రంగదాసుగారు అంతటితో ఆపారు. కోటిలింగం తొడల కిందినుంచి చేతులు ఎప్పుడు తీశాడో తీశాడు. అవి వణుకుతూనే ఉన్నాయి. ఇంకా ఏదో రాబోతున్నట్టు ఎదురుచూశాడు. రాలేదు. మరి యల్లమంద భయం ఎప్పుడు పోయింది గురువుగారూ అని అడిగాడు. పోయిందని నేను చెప్పలేదే అన్నారాయన.

అతనికి తృప్తి కలగలేదు. పంతులు కదా, లెక్కలో ఎక్కడో ఒక అంకె తప్పిందని తోచింది. దారిలో పుట్టిన ఉపాయాలు, నోటిదాకా వచ్చి ఆగిన మాట, ఇంకొక్క గంట అనుకోవడం, ఇవన్నీ ఒక మనిషి లోపలి సంగతులు. అవి బయటివాళ్లకు ఎలా తెలుస్తాయి? అదే అడిగాడు.

"పొద్దుగూకాక తాడు విప్పుతుంటే ఆయనే చెప్పాడు" అన్నారు రంగదాసుగారు. "గొంతు లేదు. నోటి దగ్గర చెవి పెట్టి వినాల్సి వచ్చింది."

విప్పినవాడే కట్టినవాడని కోటిలింగానికి తట్టడానికి కాస్త సమయం పట్టింది. తట్టాక తల ఎత్తి ఆయన ముఖంలోకి చూడలేక, చేతులకేసి చూశాడు. రంగదాసుగారు సగంలో వదిలిన విస్తరి ఒళ్లోకి తీసుకుని, ఆగిన చోటు వెతుక్కుని, పుల్ల దింపారు. పుల్ల ఎప్పటిలాగే తప్పు లేకుండా దిగింది.

"ఈ చేతులు కావాలన్నావు. ఆ వేళ ఆ ఊళ్లో వణకని చేతులు ఇవి రెండే నాయనా."